బడిలో పిల్లలే నడిపే క్యాంటీన్: రెండు కిలోల శనగలతో మొదలుపెట్టడం ఎలా

మధ్యాహ్న భోజనం ఒంటిగంటకల్లా అయిపోతుంది. స్టడీ అవర్ దాకా ఉండాల్సిన పిల్లలకి సాయంత్రం ఇంటర్వెల్ వచ్చేసరికి కడుపులో ఎలుకలు పరుగెత్తుతుంటాయి. గేటు అవతల ఏం దొరుకుతుందో మీకు తెలిసిందే: ఐదు రూపాయల చిప్స్ పొట్లాలు, రంగు ఐసు, ఎన్నిసార్లు మరిగిందో తెలియని నూనెలో వేసిన బజ్జీలు. బండి అతన్ని తరిమితే రెండు రోజుల్లో మళ్లీ వస్తాడు, అతని బతుకుతెరువు అతనిది. అదే ఐదు రూపాయలకి వేడివేడి గుగ్గిళ్లు బడి లోపలే దొరికితే పిల్లలు ఇటే తిరుగుతారు. ఆ గుగ్గిళ్లు పిల్లలే ఉడికించి, పిల్లలే అమ్మి, పిల్లలే లెక్క రాసేలా పెట్టొచ్చు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. రెండేళ్లు ఇలాంటి క్యాంటీన్ వెనకాల నిలబడ్డాను. మొదటి ఏడాది ఆరు రకాల ఐటమ్‌లతో, రోజూ తెరుస్తామని ఆర్భాటంగా మొదలుపెట్టి మూడో వారానికే చేతులెత్తేశాం. రెండో ఏడాది ఒకే ఐటమ్, వారానికి రెండు రోజులు అనుకున్నాం. అదే నిలబడింది. మీరు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ముందు వంటక్కల దగ్గరికి వెళ్లండి

హెడ్మాస్టరు గారి కంటే ముందు మధ్యాహ్న భోజనం వండే వాళ్లతో మాట్లాడండి. వాళ్లు ఎక్కువగా డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు. బిల్లులు ఎప్పుడొస్తాయో తెలియక కిరాణా కొట్లో అప్పు పెట్టుకుని వండుతుంటారు. బడిలో ఇంకో పొయ్యి వెలుగుతోందని వినగానే తమ పనికి ఎసరు పెడుతున్నారేమో అనుకోవడం సహజం. మీరు అమ్మేది సాయంత్రం మాత్రమేనని, భోజనానికి ముందు ఏదీ అమ్మరని, వాళ్ల బియ్యం, పప్పు, గ్యాస్ ముట్టుకోరని స్పష్టంగా చెప్పండి. భోజనానికి ముందు అమ్మకం వద్దనడానికి ఇంకో కారణమూ ఉంది. పదిన్నరకి గుగ్గిళ్లు తిన్న పిల్లవాడు ఒంటిగంటకి అన్నం పారేస్తాడు.

నిజానికి మీకు దొరికే అసలైన గురువులు వాళ్లే. మూడు వందల మందికి సాంబారు కాచే చేతికి ఉప్పు అంచనా ఎలా వస్తుందో నాకూ మీకూ తెలియదు. మా బడిలో వంటక్క ఒకావిడ శనివారం శనివారం వచ్చి పిల్లలకి నేర్పేది. పాఠం చెప్పమంటే సిగ్గుపడింది కానీ తాలింపు పెట్టి చూపించమంటే గంట సేపు మాట్లాడింది.

కాగితాలు

హెడ్మాస్టరు గారి అనుమతి, పాఠశాల యాజమాన్య కమిటీలో తీర్మానం, పాల్గొనే ప్రతి పిల్లవాడి ఇంటి నుంచి సంతకం. ఈ మూడూ లేకుండా అగ్గిపుల్ల గీయకండి. తల్లిదండ్రుల కాగితంలో పిల్లలకి పడని తిండి ఏదైనా ఉందా అనే ప్రశ్న తప్పకుండా పెట్టండి, ముఖ్యంగా పల్లీలు. బడిలో తిండి అమ్మడం గురించి దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో నిబంధనలు తెచ్చింది. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉండేవి బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపలా అమ్మకూడదు. బడి తరఫున తిండి అమ్మేవాళ్లకి రిజిస్ట్రేషన్ కూడా కావాలి. అది ఆ సంస్థదే ఫోస్కోస్ అనే ఆన్‌లైన్ పోర్టల్లో పెట్టుకోవచ్చు, మీసేవ కుర్రాడికో కంప్యూటర్ సారుకో పది నిమిషాల పని.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదని 2016లో సవరించిన బాల కార్మిక చట్టం చెప్తోంది. కాబట్టి ఇది పాఠంగానే సాగాలి. జీతం, కమీషన్, "నువ్వు రేపు రాకపోతే ఊరుకోను" లాంటి మాటలు ఉండకూడదు. క్లాసు మానేసి పొయ్యి దగ్గర ఉండటం అసలే ఉండకూడదు. పాల్గొనడం పిల్లల ఇష్టం. మానేస్తానన్న రోజు మానేయొచ్చు.

ఎవరు ఏం చేయాలి

ఇరవై మంది చాలు. నలుగురు చొప్పున ఐదు జట్లు: కొనుగోలు, వంట, వడ్డన, లెక్క, శుభ్రం. రెండు వారాలకోసారి పని మారాలి. మారకపోతే ఏమవుతుందో ముందే చెప్తాను. మగపిల్లలు కొనుగోలు, లెక్కల దగ్గర తిష్ట వేస్తారు, ఆడపిల్లలు గిన్నెలు తోముతూ మిగిలిపోతారు. "మేడమ్, మాకు తోమడం రాదు" అని ఒకడు అన్నాడు. రాదు కాబట్టే నేర్చుకోవాలని కొబ్బరి పీచు చేతికిచ్చాను. శుభ్రం జట్టు వంతు ఎవరూ తప్పించుకోకుండా పేర్లన్నీ చార్టు మీద రాసి గోడకి అంటించండి.

తరగతుల వారీగా ఒక గీత గీయండి. ఆరు, ఏడు తరగతులకి పొయ్యి దగ్గర పని ఉండదు. మజ్జిగ చిలకడం, నిమ్మకాయలు పిండటం, శనగలు ఏరడం, టోకెన్లు తీసుకోవడం వాళ్లవి. ఎనిమిది, తొమ్మిది తరగతులు పెద్దవాళ్ల సమక్షంలో వండొచ్చు. పదో తరగతిని వదిలేయండి, వాళ్ల టెన్షన్ వాళ్లకుంది. కొనుక్కుని తింటారు, అది చాలు.

ఏం అమ్మాలి

పిల్లల్ని ఓటు వేయమంటే మిర్చి బజ్జీ గెలుస్తుంది. మా దగ్గర కూడా అదే గెలిచింది. అందుకే ఓటుకి ముందే షరతు పెట్టండి: నూనె మూకుడు లేదు, మైదా లేదు, పొట్లాలు కొని అమ్మడం లేదు. సలసల కాగే నూనె చుట్టూ పదమూడేళ్ల పిల్లలు నిలబడటం ఎంత మంచి బజ్జీకైనా తగదు. ఈ షరతుల తర్వాత మిగిలేవి తక్కువేం కాదు. గుగ్గిళ్లు, అటుకుల ఉప్మా, ముంత మసాలా, ఉడికించిన గుడ్డు, పల్లీ ఉండలు, రాగి జావ, మజ్జిగ, జామకాయ ముక్కల మీద ఉప్పూ కారం. వీటిలో మొదటి నెలంతా ఒక్కటే చేయండి. శనగ గుగ్గిళ్లు ఎందుకంటే సరుకు పాడవదు, ధర పెద్దగా మారదు, ఉడికిందో లేదో వేలితో నొక్కితే తెలుస్తుంది, మిగిలిన పచ్చి శనగలు వచ్చే వారానికి పనికొస్తాయి.

గుగ్గిళ్ల రోజు

బుధవారం అమ్మాలంటే మంగళవారం సాయంత్రం బడి వదిలే ముందే పని మొదలవుతుంది. రెండు కిలోల నల్ల శనగలు చాటలో పోసి ఏరాలి. రాళ్లు, పుచ్చు గింజలు తీసేసి మూడుసార్లు కడిగి, శనగలకి మూడింతలు నీళ్లు పోసి మూత పెట్టాలి. గది తాళం ఒకరి దగ్గరే ఉండాలి. ఉదయం ప్రార్థన కాగానే నీళ్లు వంచి మళ్లీ కడగాలి. అప్పటికి శనగలు రెట్టింపు అయి ఉంటాయి. ఇక్కడే ఒక ఆరో తరగతి పిల్ల నన్ను అడిగింది: "గింజ లోపలికి నీళ్లు ఎక్కణ్నుంచి వెళ్లాయి మేడమ్?" సైన్సు మాస్టార్ని పిలుచుకొచ్చాను. ఆ రోజు పాఠం శనగ గింజ ముక్కు దగ్గరే సాగింది.

పది లీటర్ల కుక్కర్లో ఇదంతా ఒక్క వాయిలో పట్టదు. పప్పులు, గింజలు ఉడికించేటప్పుడు కుక్కరు సగానికి మించి నింపకూడదు, పొట్టు లేచి విజిల్ దారి మూసుకుపోతుంది. రెండు వాయిలుగా చేయండి. కుక్కరు పొయ్యి మీద పెట్టడం, దించడం, మూత తీయడం టీచరో వంటక్కో మాత్రమే చేయాలి. ఇది మధ్యాహ్నం రెండున్నర తర్వాతి పని. పొద్దున్నే ఉడికించి పెట్టేస్తే మా ఎండలకి సాయంత్రానికి జిగురు వచ్చి వాసన వేస్తుంది.

ఇక తాలింపు. చూడటానికి అర నిమిషం పని, కానీ నేర్పడానికి నాకు మూడు శనివారాలు పట్టింది. బాండీ తడి లేకుండా ఆరాలి. నూనె కాగాక ముందు ఆవాలు. అవి చిటపటలాడడం తగ్గిన తర్వాతే మినప్పప్పు. పప్పు ఎర్రబడుతుండగా ఎండుమిర్చి, దాని వెనకే కరివేపాకు. పిల్లలు అన్నీ ఒకేసారి వేసేస్తారు. అప్పుడు మిర్చి మాడి నల్లగా అవుతుంది, ఆవాలు పేలకుండా చేదుగా మిగులుతాయి. ఏ గింజకి ఎంత వేడి కావాలో వరుస పెట్టడమే తాలింపు అని వంటక్క చెప్పిన రోజున వాళ్లకి అర్థమైంది. కరివేపాకు కడిగి గుడ్డ మీద ఆరబెట్టాలి. తడి ఆకు నూనెలో పడితే చేతుల మీదికి చిట్లుతుంది. తాలింపులో సన్నగా తరిగిన పచ్చిమిర్చి, సగం ఉల్లిపాయలు మగ్గాక ఉడికిన శనగలు వేసి ఉప్పు కలపాలి. నిమ్మరసం మాత్రం దించాకే. పొయ్యి మీద ఉండగా పిండితే చేదెక్కుతుంది. మిగిలిన సగం ఉల్లిపాయలు పచ్చివి, కొత్తిమీరతో పాటు పైన చల్లుకోవాలి.

అమ్మే ముందు ఇద్దరు పెద్దవాళ్లు రుచి చూడాలి. మధ్యాహ్న భోజనానికి 2015 నిబంధనల్లో ఉన్న పద్ధతే ఇది, మన గుగ్గిళ్లకీ వర్తింపజేయండి. వండిన రెండు గంటల్లోపు అయిపోవాలి. మిగిలింది రేపటికి ఉంచడం లేదు, ఇంటికి పంపడం లేదు. ఆ సాయంత్రమే జట్టు తినేయాలి.

పాత న్యూస్‌పేపరు ముక్కల్లో పొట్లం కట్టొద్దు, అచ్చు సిరా తిండికి అంటుతుంది. పిల్లలు తెచ్చుకున్న డబ్బా మూతో గ్లాసో చాలు. లేనివాళ్లకి ఆకు డొప్పలు.

గరిటె కాదు, గ్లాసు

మొదటి బుధవారం మా లెక్క ఇలా ఉంది. ధరలు మీ ఊరివి వేసుకోండి.

శనగలు 2 కిలోలు: 180
ఉల్లిపాయలు కిలో: 30
పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మకాయలు: 40
నూనె పావు లీటరు: 35
తాలింపు గింజలు, ఉప్పు: 10
గ్యాస్ అంచనా: 25
మొత్తం: 320 రూపాయలు

రెండు కిలోల శనగలు ఉడికితే నాలుగుంపావు కిలోల దాకా వస్తాయి. గ్లాసుకి వంద గ్రాములు అనుకుంటే 42 గ్లాసులు. గ్లాసు పది రూపాయలకి అమ్మితే 420, వంద మిగలాలి. సాయంత్రం డబ్బా తెరిచి చూస్తే 290 ఉన్నాయి. ఎవరూ దొంగతనం చేయలేదు, ఎవరూ అప్పు పెట్టలేదు. గిన్నె మాత్రం ఖాళీ. అరగంట వాదించుకున్నాక బయటపడింది: వడ్డించిన అమ్మాయి గరిటెతో పెట్టింది, తన క్లాసు వాళ్లు వచ్చినప్పుడల్లా గరిటె కొండలా నిండింది. 42 అనుకున్నవి 29కే అయిపోయాయి. ముప్పై రూపాయలు నష్టం.

ఆ ముప్పై నేను వేసేయొచ్చు. వేయలేదు. మీరు కూడా వేయకండి. నష్టం పుస్తకంలో ఎర్ర ఇంకుతో అలాగే ఉండనివ్వండి. మరుసటి రోజు ఎనిమిదో తరగతి కుర్రాడు ఒకడు "గరిటె తీసేద్దాం మేడమ్, టీ గ్లాసు పెడదాం, పైన స్కేలుతో గీసేద్దాం" అన్నాడు. నేను చెప్పి ఉంటే రూలు అయ్యేది. వాడు చెప్పాడు కాబట్టి స్నేహితురాలు వచ్చినా స్కేలు ఆగలేదు.

ఈ లెక్కలోంచే తర్వాతి ప్రశ్న పుడుతుంది: కనీసం ఎన్ని గ్లాసులు అమ్మితే నష్టం ఉండదు? 320ని పదితో భాగిస్తే 32. వర్షం పడి హాజరు తగ్గిన రోజున "ఇవాళ కిలోన్నరే నానబెడదాం" అని లెక్క జట్టు తనంతట తానే అనేదాకా ఓపిక పట్టండి. నష్టం-లాభం అధ్యాయం నేను పదేళ్లుగా బోర్డు మీద చెప్తున్నాను. బోర్డు మీద ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

డబ్బు విషయంలో మూడు పద్ధతులు తప్పకుండా పాటించండి. రోజు చివర ఇద్దరు వేరువేరుగా లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చేయాలి. "అరువు రేపు" అని గోడ మీద రాయాలి, టీచర్లకి కూడా (స్టాఫ్‌రూమ్ బాకీలే మా కొంప ముంచబోయాయి). మీ సొంత ఫోన్‌పేకి ఒక్క రూపాయి కూడా రానివ్వకండి. ఎంత నిజాయితీగా ఉన్నా ఊళ్లో మాట పుట్టడానికి ఒక స్క్రీన్‌షాట్ చాలు. చిల్లర కష్టం నిజమే. ముందు రోజే కొట్లో వంద రూపాయలకి ఐదు రూపాయల బిళ్లలు మార్చి పెట్టుకోండి.

మొదటి పెట్టుబడికి టీచర్లు తలా వంద ఇస్తే సరిపోతుంది. విరాళంగా తీసుకోకండి, అప్పుగా రాయించండి. మా పిల్లలు ఆరు వందలు ఐదు వారాల్లో తీర్చేశారు. చివరి వంద తిరిగి ఇచ్చేటప్పుడు డ్రాయింగ్ మాస్టారు "వద్దులే, ఉంచుకోండి" అంటే లెక్క జట్టు ఒప్పుకోలేదు, పుస్తకంలో గడి ఖాళీగా ఉండిపోతుందని.

పది రూపాయలు లేని పిల్లవాడు

ప్రభుత్వ బడిలో ఈ ప్రశ్న మొదటి రోజే వస్తుంది. సగం గ్లాసు ఐదు రూపాయలకి పెట్టండి, అది కొంత తీరుస్తుంది. అది కూడా లేనివాళ్లుంటారు. ఫ్రీగా ఇస్తామని మైకులో చెప్తే ఎవరూ రారు, వచ్చినవాళ్లు తలొంచుకుని వస్తారు. అందుకే తర్వాత మేము టోకెన్లు పెట్టాం. కౌంటర్ దగ్గర డబ్బు తీసుకోం, అట్టముక్క టోకెనే తీసుకుంటాం. టోకెన్లు పొద్దున్నే క్లాస్ టీచరు దగ్గర కొనుక్కోవాలి. లేనివాళ్లకి క్లాస్ టీచరు చడీచప్పుడు లేకుండా ఇస్తారు, ఆ లెక్క లాభంలోంచి పోతుంది. వడ్డించే పిల్లకి ఏ టోకెన్ కొన్నదో, ఏది ఇచ్చిందో తెలియదు. రోజుకి మూడు నాలుగు టోకెన్లకి మించి పోలేదు.

పొయ్యి దగ్గర

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి వంటపొయ్యి నిప్పు ఆకుల కప్పుకి అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. సరిగ్గా అదే తేదీన 2013లో బీహార్ సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు పోయారు. పురుగుమందు డబ్బాలో పోసిన నూనె వాళ్ల ప్రాణాలు తీసింది. ఈ రెండూ మా పిల్లలకి మొదటి రోజే చెప్పాను. భయపడ్డారు. కొంచెం భయపడటం మంచిదే.

కాబట్టి పొయ్యి పక్కా కప్పు ఉన్న గదిలోనే పెట్టండి. రెండు తలుపులుంటే మంచిది, లేకపోతే వరండా మేలు. సిలిండరు నిలబెట్టే ఉంచాలి, వాడకం అయిన వెంటనే రెగ్యులేటర్ ఆపేయాలి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా తలుపులు తీసి బయటికి రావాలి, 1906కి ఫోన్ చేయాలి. ఆ నంబరు, 108 గోడ మీద పెద్దగా రాయండి. ఇసుక బకెట్, నిప్పు ఆర్పే సిలిండరు చేతికందేలా పెట్టండి. ఓణీ, చున్నీ చివరలు నడుముకి చుట్టాలి. చెయ్యి కాలితే కుళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టాలి. పసుపు, టూత్‌పేస్టు, ఐసు ఏవీ రాయొద్దు. కత్తిపీట వద్దు, చాకు, చెక్కపీట చాలు. తరిగేటప్పుడు ఎడమ చేతి వేళ్లు లోపలికి ముడవడం ముందు వంకాయ మీద కాకుండా మెత్తని అరటిపండు మీద నేర్పండి.

నూనె, పప్పులు సీలు వేసిన ప్యాకెట్లలోనే కొనండి, ఇంట్లోంచి సీసాల్లో తెచ్చింది వద్దు. జలుబు, విరేచనాలు, చేతి మీద పుండు ఉన్నవాళ్లు ఆ వారం లెక్కల దగ్గర కూర్చోవాలి.

శనివారం వంట పాఠం

అమ్మకం రోజున నేర్పడానికి తీరిక ఉండదు. నో బ్యాగ్ డే ఉన్న బడుల్లో ఆ రోజు, లేకపోతే శనివారం చివరి రెండు పీరియడ్లు దీనికి కేటాయించండి. క్రమం ఇలా పెట్టుకోవచ్చు: చేతులు కడగడం, చాకు పట్టుకోవడం, నిమ్మరసం, మజ్జిగ, మొలకలు, తాలింపు, ఆ తర్వాత ఉప్మా, ఆఖరికి అన్నం వార్చడం. అన్నం ఆఖరుకి ఎందుకంటే అదే కష్టం. గంజి వంచేటప్పుడు ఆవిరి మొహానికి కొడుతుంది.

ప్రతి పాఠానికి ఇంటి పని ఒకటే: ఇంట్లో ఒకసారి చేసి, అమ్మానాన్నల్లో ఒకరి చేత సంతకం పెట్టించుకురావడం. ఒక అబ్బాయి నోట్‌బుక్‌లో వాళ్లమ్మ వేలిముద్ర వేసి ఉంది. పత్తి ఏరడానికి వెళ్లి వచ్చేసరికి ఉప్మా చేసి పెట్టాడట. ఉప్పు ఎక్కువైందని కూడా వాడే రాసుకొచ్చాడు.

ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి

జూన్‌లో తెరవకండి. పుస్తకాలు, అడ్మిషన్లు, హాజరు గొడవల్లో మునిగిపోతారు. ఆగస్టులో మొదలుపెట్టి, పరీక్షల వారాల్లో ఆపి, జనవరి చివరికి ముగించండి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు వచ్చాక సాయంత్రం ఇంటర్వెలే ఉండదు.

చివరి వారం అమ్మకం పెట్టుకోకుండా లెక్క తేల్చండి. మిగిలిన డబ్బు ఏం చేయాలో ఇరవై మందే నిర్ణయించాలి. మా వాళ్లు కాటా కొన్నారు, ఇంకా మిగిలిన దాంతో వంటక్కకి చీర కొన్నారు. చీర రంగు మీద జరిగిన చర్చ గుగ్గిళ్ల ధర మీద కూడా జరగలేదు. మిగిలిపోయిన శనగలు సెలవుల దాకా ఉంచకండి, పురుగు పడుతుంది. కుక్కరు గ్యాస్కెట్ విడదీసి కడిగి ఆరబెట్టి విడిగా ఉంచండి. సిలిండరుకి క్యాప్ పెట్టి ఆఫీసు గదికి చేర్చండి. లెక్కల పుస్తకం, గది తాళంచెవి, ఆ టీ గ్లాసు, స్కేలు తొమ్మిదో తరగతి వాళ్ల చేత ఎనిమిదో తరగతి వాళ్లకి ఇప్పించి, తీసుకున్నట్టు పుస్తకంలో సంతకం పెట్టించండి.